కొత్త సామాను వేసినా ఆగని చప్పుడు: నల్లగొండ, పాలమూరు గ్యారేజీల్లో ముందు సస్పెన్షన్ పని ఎలా ఉంది

ఏపీ 24 (నల్లగొండ), ఏపీ 22 (మహబూబ్‌నగర్) నంబర్ల బండ్లు మన రోడ్ల మీద ఇంకా చాలానే తిరుగుతున్నాయి. పాత స్విఫ్టులు, ఆల్టోలు, వ్యాగనార్లు, ఇండికాలు. ఆ నంబర్లు 2014కు ముందువి కాబట్టి వీటిలో చిన్నదానికి కూడా పదేళ్లు దాటాయి. పదిహేనేళ్లు నిండాక ఫిట్‌నెస్ చేయించి ఆర్‌సీని ఇంకో ఐదేళ్లు పొడిగించుకున్నవీ ఉన్నాయి. ఇంజన్ బాగున్న బండిని ముందు చక్రాల దగ్గర లొడలొడ వస్తోందని అమ్ముకోవాల్సిన పని లేదు. గ్యారేజీకి తీసుకెళ్తారు, సామానంతా మార్పిస్తారు, బిల్లు కడతారు. ఇంటికొచ్చే దారిలో మొదటి స్పీడ్ బ్రేకర్ మీదే అదే చప్పుడు మళ్లీ పలుకుతుంది. "అన్నా, అంతా కొత్తదే వేసినం గదా, ఈ సప్పుడు యాడికెల్లి వస్తుంది?" అన్న ప్రశ్న అక్కడ మొదలవుతుంది.

ఈ సమీక్ష ఏదో ఒక దుకాణం గురించి కాదు. నల్లగొండ, మిర్యాలగూడ, మహబూబ్‌నగర్, జడ్చర్ల వైపు "ముందు సస్పెన్షన్ ఫుల్ పని" పేరుతో చేసే సర్వీసు గురించి, అందులో వాడే సామాను గురించి. మార్కులు ముందే చెప్పేస్తే మంచిది: దొరికే సామానుకు పదికి ఎనిమిది, బిగించే తీరుకు పదికి ఐదు. కొత్త సామాను వేశాక వచ్చే చప్పుడులో ఎక్కువ భాగం బిగింపుదే, సామానుది కాదు. చప్పుడు పోలేదని ఇంకో పార్టు కొనకముందే, వేసినవాటిని విప్పి సరిగ్గా మళ్లీ బిగించమని అడగాలి.

ఫుల్ పని అంటే బిల్లులో ఏం ఉండాలి? స్విఫ్ట్ లాంటి బండికైతే ముందు షాకప్‌లు రెండు, వాటిపైన మౌంటింగులు, బేరింగులు, బంప్ స్టాపర్లు, డస్ట్ బూట్లు, చక్రాన్ని కింద ఫ్రేముకు కలిపే లోయర్ ఆర్ములు రెండు, మలుపుల్లో బండి వాలకుండా చూసే స్టెబిలైజర్ బార్‌ను షాకప్‌కు కలిపే లింకు రాడ్లు రెండు, ఆ బార్‌ను పట్టుకునే రబ్బరు డి బుష్‌లు రెండు, స్టీరింగును చక్రాలకు కలిపే టై రాడ్ ఎండ్లు రెండు. మారుతి 800కు, పాత ఆల్టోకు లెక్క వేరు. వాటిలో లింకు రాడ్డు ఉండదు. స్టెబిలైజర్ బార్ చివరే నేరుగా లోయర్ ఆర్మ్‌లోకి దూరి, ఇటొక రబ్బరు అటొక రబ్బరు, కప్పు వాషర్లు, చివర నట్టుతో నిలబడుతుంది. చక్రాన్ని ముందుకూ వెనక్కూ కదలకుండా ఆపేది కూడా ఆ బారే. అందుకే ఆ రబ్బర్లు అరిగిన ఆల్టోలో బ్రేకు వేసినప్పుడు, మళ్లీ గేరులో కదిలినప్పుడు "టక్" మంటుంది. అక్కడ షాకప్‌లు మార్చడం దండగ. బార్ చివరి బుష్‌ల సెట్టు, కప్పు వాషర్లు సరైన వైపు తిప్పి వేయడం, అంతే పని.

సామాను విషయానికొస్తే, కంపెనీ పెట్టెలో వచ్చేది గానీ, గేబ్రియల్ లాంటి పేరున్న షాకప్ గానీ, రాణే లాంటివారి బాల్ జాయింట్లూ (ఆర్మ్‌ను చక్రం వైపు కలిపే గుండు కీళ్లు) టై రాడ్ ఎండ్లూ గానీ మన జిల్లా కేంద్రాల్లో దొరుకుతాయి. లేకపోతే హైదరాబాద్ నుంచి తెప్పిస్తారు. వీటి మీద ఫిర్యాదు చేయాల్సింది పెద్దగా లేదు. ఫిర్యాదంతా పెట్టె మీద పేరు లేని రబ్బరు సామాను మీదే. డి బుష్ చూడటానికి చిన్న ముక్క. లోపలి రంధ్రం ఒక్క మిల్లీమీటరు పెద్దదైనా బార్ అందులో కొట్టుకుంటుంది. ఒకే మోడల్ పేరు మీద పెట్రోలు, డీజిలు బండ్లకు బార్ మందం తేడా ఉండొచ్చు కాబట్టి "స్విఫ్ట్‌ది ఇవ్వు" అని అడిగి తెచ్చుకోవడం సరిపోదు. వెర్నియర్‌తో బార్ మందం కొలిచి, బుష్ రంధ్రంతో సరిచూడాలి. బార్ మీద తుప్పు పొర ఉంటే ఎమరీ పేపరుతో నున్నగా చేశాకే బుష్ ఎక్కించాలి. గరుకు తుప్పు మీద కొత్త రబ్బరు కొన్నాళ్లకే మళ్లీ వదులవుతుంది.

స్ప్రింగుల్లో కూడా ఇదే జాగ్రత్త. డీజిలు ఇంజన్ బరువెక్కువ, దాని ముందు స్ప్రింగు వేరు. పాత సామాను దుకాణంలో దొరికిందని పెట్రోలు స్ప్రింగు డీజిలు బండికి వేస్తే ముందు భాగం కుంగుతుంది. బంప్ స్టాపర్ ప్రతి గుంతకూ తగిలి "ధడ్" మంటుంది. ఆ నెపం షాకప్ మీద పడుతుంది.

లోయర్ ఆర్మ్ విషయంలో మా సలహా: పాత బండికి బుష్‌లు మాత్రమే మార్పించుకోవడం కంటే బాల్ జాయింటు, బుష్‌లతో కలిపి వచ్చే మొత్తం ఆర్మ్ కొనడమే మేలు. బుష్ మాత్రం మార్చాలంటే దాన్ని నొక్కి ఎక్కించే ప్రెస్ యంత్రం కావాలి. ప్రెస్ లేనిచోట సుత్తితో కొట్టి ఎక్కిస్తారు. బయటి ఇనుప తొడుగు నొక్కుకుపోతుంది, రబ్బరు అతుకు లోపల చిట్లుతుంది. ఇంకో తప్పు కూడా తరచుగా జరుగుతుంది. వెనక పెద్ద బుష్‌లో రబ్బరు మధ్య ఖాళీలు వదిలి ఉంటాయి. అవి ఏ దిక్కున ఉండాలో పాతదాన్ని చూసి గుర్తు పెట్టుకోవాలి. తిప్పి ఎక్కిస్తే గట్టిగా ఉండాల్సిన దిక్కు మెత్తగా, మెత్తగా ఉండాల్సిన దిక్కు గట్టిగా అవుతుంది. అప్పుడు బ్రేకు వేసిన ప్రతిసారీ చప్పుడే.

ఇక బిగింపు. ఈ పనిలో ఎక్కువ మార్కులు పోయేది ఇక్కడే. లోయర్ ఆర్మ్ బుష్ అనేది బోల్టు చుట్టూ గుండ్రంగా తిరిగే బేరింగు కాదు. లోపలి ఇనుప గొట్టం బోల్టుతో ఫ్రేముకు బిగుసుకుపోతుంది, బయటి తొడుగు ఆర్మ్‌తో కదులుతుంది, మధ్యలో రబ్బరు మెలిపడుతుంది. బండి జాకీ మీద ఉండి చక్రం వేలాడుతున్నప్పుడు ఆ బోల్టు పూర్తిగా బిగిస్తే రబ్బరు ఆ వేలాడే స్థితినే తన సహజ స్థితిగా పట్టుకుంటుంది. బండి కిందికి దించగానే, కదలకముందే, రబ్బరు పూర్తిగా మెలిపడిపోయి ఉంటుంది. మొదట్లో కిర్రుమంటుంది, బండి ముందు భాగం కొంచెం ఎత్తుగా కనిపిస్తుంది, కొన్ని నెలలకు రబ్బరు చిరిగి లొడలొడ మొదలవుతుంది. ఎండాకాలంలో 44, 45 డిగ్రీలు చూసే నల్లగొండలో రబ్బరు ఎలాగూ త్వరగా గట్టిపడుతుంది, దానికి ఈ మెలి తోడైతే ఇక నిలవదు. బోల్టు అడ్డంగా వెళ్లే బుష్‌కు ఇది మరీ ముఖ్యం.

సరైన పద్ధతికి లిఫ్టు కూడా అక్కర్లేదు. బండిని జాకీ ఎక్కించక ముందే చక్రం నడిమి నుంచి పైన మడ్‌గార్డ్ అంచు దాకా టేపుతో కొలిచి రాసుకోవాలి. ఆర్మ్ ఎక్కించాక బోల్టులు చేతి బిగువులో మాత్రమే ఉంచాలి. తర్వాత బాడీ స్టాండు మీద ఉండగా ఆర్మ్ బయటి చివర, బాల్ జాయింటు దగ్గర, ఇంకో జాకీ పెట్టి ముందు కొలిచిన దూరం వచ్చేదాకా లేపాలి. అప్పుడు టార్క్ పానాతో (ఎంత బిగువో చూపించే పానా) బిగించాలి. సర్వీసింగ్ గుంట ఉన్న గ్యారేజీలో ఇంకా సులువు: చక్రాలు నేల మీద ఉండగానే కిందికి దిగి బిగించొచ్చు. పావుగంట పని. ఈ ఒక్క పావుగంట మిగుల్చుకోవడం కోసమే చాలా గ్యారేజీలు మొత్తం పనిని చెడగొట్టుకుంటున్నాయి. ఇప్పటికే వేలాడదీసి బిగించేసిన బండి అయితే, సామాను కొత్తదే కాబట్టి, ఆ బోల్టులు వదులు చేసి బండిని నాలుగుసార్లు పైకీ కిందికీ ఊపి మళ్లీ బిగిస్తే చాలాసార్లు చప్పుడు అక్కడికక్కడే ఆగుతుంది.

లింకు రాడ్డు కూడా ఇలాంటిదే. ఒక వైపు చక్రం నేల మీద, ఇంకో వైపు గాల్లో ఉండగా బిగిస్తే బార్ మెలిపడి ఉంటుంది, రెండో వైపు రంధ్రంలో బోల్టు దూరదు, సుత్తితో కొడతారు. మర దెబ్బతింటుంది. రెండు చక్రాలూ గాల్లో గానీ, రెండూ నేల మీద గానీ ఉండాలి. నట్టు తిప్పుతున్నప్పుడు లోపలి గుండు కూడా తిరుగుతుంటే బిగిసినట్టు అనిపిస్తుంది గానీ బిగియదు. బోల్టు చివర ఉండే రంధ్రంలో ఎలెన్ కీ పెట్టి ఆపి నట్టు తిప్పాలి. కొత్త లింకు రాడ్డు వేసినా చిన్న చిన్న గుంతల మీద "టకటక" వస్తుంటే పదిలో ఏడుసార్లు ఈ నట్టే వదులుగా ఉంటుందని మా అంచనా.

షాకప్ ఎక్కించడంలో మెట్టుమెట్టుకూ తప్పుకు చోటుంది. స్ప్రింగును కంప్రెసర్‌తో నొక్కాకే పైనట్టు విప్పాలి. తాళ్లతో, వైరుతో కట్టి విప్పే పద్ధతి ప్రాణాల మీదికి తెచ్చేది. అలా చేసే చోట బండి వదలకండి. గ్యాసు లేని కొత్త షాకప్‌ను నిలువుగా పట్టుకుని మూడు నాలుగుసార్లు పూర్తిగా నొక్కి లాగాలి, లేకపోతే లోపల చేరిన గాలి వల్ల మొదట్లో ఖాళీగా కొట్టుకుంటుంది. స్ప్రింగు కింది చివర దాని కూర్చునే మెట్టుకు ఆనాలి. తిరిగిపోయి ఉంటే స్టీరింగు తిప్పినప్పుడల్లా స్ప్రింగు ఒక్కసారిగా జారి "టంగ్" మంటుంది. పాత రబ్బరు సీట్లు చిరిగాయని పారేసి కొత్తవి వేయకుండా వదిలేయడం కూడా మామూలే, ఇనుము మీద ఇనుము చప్పుడు దాంతోనే. బేరింగు పైదీ కిందదీ తారుమారు కాకూడదు. మధ్య నట్టు ఎయిర్ గన్‌తో తిప్పితే లోపలి రాడ్డు కూడా గిర్రున తిరుగుతుంది, నట్టు పూర్తిగా కూర్చోదు. ఆ రాడ్డును ఆపడానికి మెరిసే భాగాన్ని కటింగ్ ప్లేయర్‌తో పట్టుకుంటే గీత పడుతుంది, ఆ గీత సీలును కోస్తుంది, కొన్ని వారాల్లో ఆయిల్ కారుతుంది. కొత్త షాకప్ కారితే ముందు రాడ్డు మీద పంటి గాట్లు ఉన్నాయేమో చూడాలి. దుకాణాన్ని తిట్టడం ఆ తర్వాత సంగతి.

లోయర్ ఆర్మ్ బాల్ జాయింటును చక్రం పిడికిలి (చక్రాన్ని మోసే ఇనుప ముక్క) పట్టుకునే చోట చీలిక ఉంటుంది. దాన్ని ఉలితో వెడల్పు చేసి జాయింటు గుంజను ఎక్కిస్తారు. అతిగా వెడల్పు చేస్తే తర్వాత బోల్టు ఎంత బిగించినా పట్టు రాదు. గుంజకు చుట్టూ ఉండే గాడిలోంచి బోల్టు చేత్తోనే దూరాలి. దూరకపోతే గుంజ ఇంకా పైకి ఎక్కలేదని అర్థం. సుత్తితో కొట్టి దూర్చిన బోల్టు తెగిపోయే ప్రమాదం ఉంది. టై రాడ్ ఎండ్ నట్టుకు పిన్ను వేసేప్పుడు రంధ్రం కలవకపోతే నట్టును ముందుకే బిగించి కలపాలి, వెనక్కి వదలకూడదు.

చప్పుడు ఎక్కడిదో తేల్చకుండానే సామాను రాసే గ్యారేజీకి మా లెక్కలో మార్కులు లేవు. బండి తీసుకోగానే మెకానిక్ మొదట డిక్కీ ఖాళీ చేయించాలి: స్టెప్నీ, జాకీ, పనిముట్ల సంచి అన్నీ చప్పుడు చేసేవే. బానెట్ తెరిచి బ్యాటరీ పట్టీ కదిలించి చూడాలి. ఆ తర్వాత ఊళ్లోకి తీసుకెళ్లి 15, 20 కిలోమీటర్ల వేగంలో ఒక పక్క చక్రం మాత్రమే గుంతలో పడేలా నడపాలి. నార్కట్‌పల్లి దాకానో, జడ్చర్ల దాటి 44వ నంబరు హైవే మీదికో 80లో వెళ్లొచ్చి "ఏం లేదు సార్" అనడం పరీక్ష కాదు. లింకు రాడ్డు, డి బుష్ చప్పుడు నున్నటి హైవే మీద బయటపడదు.

నడుపుతున్నప్పుడు చప్పుడు వస్తుండగా బ్రేకు పెడలు మీద కాలు మెల్లగా ఆనించాలి. అప్పుడు చప్పుడు ఆగితే తప్పు సస్పెన్షన్‌ది కాదు. బ్రేకు ప్యాడ్లను పట్టుకునే కాలిపర్ పిన్నులు వదులుగా ఉన్నాయి, లేదా ప్యాడ్ల స్ప్రింగు క్లిప్పులు వేయడం మరిచారు. షాకప్ మార్చేప్పుడు కాలిపర్ పక్కకు తీస్తారు కాబట్టి ఈ మరుపు ఆ పని తర్వాతే ఎక్కువ. తిరుగుతున్న చక్రం నుంచి సన్నగా గీరుతున్నట్టు వస్తే డిస్కు వెనక రేకు వంగి తగులుతోంది, వేలితో వెనక్కి వంచితే పోతుంది.

రెండో పరీక్ష ఇంకా నమ్మకమైనది. రెండు లింకు రాడ్లనూ ఒక చివర విప్పి, దేనికీ తగలకుండా కట్టి, ఊళ్లోనే మెల్లగా ఒక చుట్టు తిప్పాలి. బండి మలుపులో ఎక్కువ వాలుతుంది కాబట్టి వేగం వద్దు. చప్పుడు పూర్తిగా పోతే దోషం లింకులో, డి బుష్‌లో లేదా బార్‌లో ఉంది. పోకపోతే ఆ మూడింటినీ పక్కన పెట్టేయొచ్చు. పది నిమిషాల పని, ఖర్చు లేదు. ఆల్టోకు ఇది చేయకూడదు, ఆ బార్ లేకపోతే చక్రం నిలవదు.

స్టీరింగు తిప్పినప్పుడు వచ్చే చప్పుడుకు బండి నిలిపి ఉంచి, ఒకరు స్టీరింగు తిప్పుతుంటే ఇంకొకరు స్ప్రింగు మీద వేలి కొసలు తేలికగా ఆనించాలి. స్ప్రింగు బిగుసుకుని ఉన్నట్టుండి ఎగిరితే పై బేరింగు. అదే చప్పుడు యాక్సిలరేటర్ నొక్కి పూర్తిగా మలిపినప్పుడు కటకటమని వస్తే డ్రైవ్ షాఫ్ట్ జాయింటు. క్లచ్ వదిలేప్పుడు, రివర్స్ వేసేప్పుడు ఒక్క "ధబ్" వస్తే ఇంజన్ మౌంటింగు. ఈ రెండూ సస్పెన్షన్ బిల్లులోకి రాకూడదు.

చక్రాన్ని గాల్లో లేపి పైనా కిందా పట్టుకుని ఊపితే ఆట ఉందనుకోండి. ఒకరిని బ్రేకు తొక్కమనాలి. ఆట ఆగితే వీలు బేరింగు, ఆగకపోతే బాల్ జాయింటు. పక్కల పట్టుకుని ఊపితే వచ్చే ఆట టై రాడ్ ఎండ్‌ది లేదా దానికి లోపలి వైపు ఉండే రాక్ ఎండ్‌ది. బాల్ జాయింటును నిర్ధారించుకోవడానికి జాకీ బాడీ కింద ఉండాలి, ఆర్మ్ కింద కాదు. ఆర్మ్ కింద పెడితే బరువుకు జాయింటు నొక్కుకుపోయి, అరిగినది కూడా గట్టిగా ఉన్నట్టు కనిపిస్తుంది.

ఏ రకం గ్యారేజీకి వెళ్లాలి? షోరూం సర్వీసు సెంటర్లలో టార్క్ పానా ఉంటుంది, సామాను మీద అనుమానం అక్కర్లేదు, బిల్లు పద్ధతిగా ఉంటుంది. కానీ పాత బండి కనబడగానే మొత్తం సెట్టు రాసేస్తారు, లింకు విప్పి చూసే ఓపిక తక్కువ. ఊరి మెకానిక్ దగ్గర చెవి ఉంటుంది. బండి గేటులోకి వస్తుండగానే చప్పుడు ఎటువైపో చెప్పేస్తాడు. లేనిది టార్క్ పానా, ప్రెస్, ఓపికగా దించి బిగించే అలవాటు. మా ఎంపిక గుంట ఉన్న ఊరి మెకానిక్. సామాను మీరే మంచిది కొనివ్వండి, "బుష్ బోల్టులు బండి నేల మీద ఉండగానే బిగించన్నా" అని పని మొదలుపెట్టకముందే చెప్పండి. ముందు చెబితే ఎవరూ కాదనరు. అంతా అయ్యాక చెబితే గొడవ.

కొత్త బుష్‌లు వేశాక వాటర్ సర్వీసింగులో ఇంకో నష్టం జరుగుతుంది. కడిగాక బండి కింద డీజిలో, వాడేసిన ఇంజన్ ఆయిలో కొట్టడం మన దగ్గర అలవాటు. తుప్పు పట్టదని. ఆ నూనె తగిలిన సస్పెన్షన్ రబ్బరు ఉబ్బి మెత్తబడుతుంది. కిర్రుమంటోందని బుష్ మీద గ్రీజు పూసేవాళ్లూ ఉన్నారు, అదీ అంతే. డి బుష్‌కు రాయాలంటే సిలికాన్ గ్రీజు ఒక్కటే.

అలైన్‌మెంట్ చివర్న చేయించాలి. ఆర్మ్, షాకప్, టై రాడ్ ఎండ్ ఏది మార్చినా టో (చక్రాలు లోపలికో బయటికో తిరిగి ఉండే కొలత) మారుతుంది. షాకప్‌ను చక్రం పిడికిలికి కలిపే రెండు బోల్టుల దగ్గర కొంచెం ఆట ఉంటే క్యాంబర్ (చక్రం నిలువు వాలు) కూడా మారుతుంది. చప్పుడు పోకముందే అలైన్‌మెంట్ చేయిస్తే, మళ్లీ విప్పినప్పుడు ఆ డబ్బు పోయినట్టే. చక్రం నట్లు ఎయిర్ గన్‌తో చితకగొట్టనివ్వకండి, పాత స్విఫ్టుకు కావాల్సిన బిగువు 85 న్యూటన్ మీటర్లే. 500 కిలోమీటర్లు తిరిగాక బండి మళ్లీ గుంట మీద పెట్టి లింకు నట్లు, ఆర్మ్ బోల్టులు, క్రాస్ మెంబర్ (ఆర్ములు బిగించే అడ్డ ఇనుప చట్రం) బోల్టులు, షాకప్ పైనట్టు ఒకసారి పానా వేసి చూడాలి. డి బుష్ కోసం క్రాస్ మెంబర్ దించిన బండికి ఇది తప్పనిసరి. దాని బోల్టు ఒక్కటి కొంచెం వదులైనా చప్పుడు అచ్చం లోయర్ ఆర్మ్‌దిలాగే ఉంటుంది. ఈ రెండో చూపుకు లేబర్ అడగని గ్యారేజీకి పదికి ఇంకో మార్కు కలిపి ఇవ్వొచ్చు.